ఆదివారం ఫోను

అంటే అన్నామంటారు గాని, మన ఇళ్ళల్లో ఒంటరితనాన్ని జబ్బుగా ఎవరూ ఒప్పుకోరండీ. మోకాళ్ళ నొప్పి జబ్బు, బి.పి. జబ్బు, షుగరు జబ్బు. ఒంటరితనం మాత్రం "ఏమీ తోచకపోవడం". దానికి మందు టీవీ!

మా పిన్ని తెనాలిలో ఉంటుంది. బాబాయి పోయి ఏడేళ్ళయింది. కొడుకు డాలస్‌లో, కూతురు పూణేలో. సొంతిల్లు, పెరట్లో కరివేపాకు చెట్టు, నెలనెలా పెన్షను. "నాకేం లోటే?" అంటుంది. నేనూ అలాగే అనుకున్నాను. ప్రతి ఆదివారం పదింటికి ఓ పది నిమిషాలు ఫోన్లో మాట్లాడేసి, బాధ్యత తీరిపోయినట్టు వంటింట్లోకి వెళ్ళిపోయేదాన్ని.

కిందటి మాఘమాసంలో ఏదో పెళ్ళికని తెనాలి వెళ్ళి, చెప్పకుండా పిన్ని గుమ్మంలో దిగాను. ఆ రోజూ ఆదివారమే. లోపల్నించి మాటలు. చుట్టాలొచ్చారు కాబోలు అనుకున్నాను. తీరా చూద్దును గదా, పిన్ని ఒక్కతే కుర్చీలో కూచుని, పేపర్లో పెళ్ళి సంబంధాల ప్రకటనలు పైకి చదువుతోంది!

"ఎవరికి పిన్నీ సంబంధం?" అన్నాను నవ్వుతూ.

పిన్ని సిగ్గుపడింది. "నువ్వు ఫోన్ చేసే వేళయిందిగా. రెండ్రోజులు నోరు విప్పకపోతే గొంతు పెగలదే. బొంగురుగా మాట్లాడితే ఒంట్లో బాగాలేదేమోనని కంగారు పడతావని..."

నా నవ్వు అక్కడే ఆగిపోయింది.

వంటింట్లో బియ్యం డబ్బా పురుగుపట్టి ఉంది. "ఒక్కదానికి పొయ్యి వెలిగించడమేమిటే" అని పచ్చడీ మజ్జిగతో గడిపేస్తోందిట. బి.పి. మాత్రలు సగం అలాగే ఉన్నాయి. రాత్రి రెండింటికి మెలకువ వచ్చేస్తుందిట. అన్నిటికన్నా నాకు భయమేసింది వేరే మాటకి. "ఎదురింటివాళ్ళు నన్ను చూసి నవ్వుకుంటున్నారే" అంది. ఇరవయ్యేళ్ళుగా కూరగిన్నెలు ఇచ్చిపుచ్చుకున్న ఇల్లది!

డాక్టరు దగ్గరికి తీసికెళ్ళాను. చిన్నపిల్ల, నా కూతురి వయసు. పరీక్షల కాగితాలన్నీ చూసి, "రోజుకి ఎంతమందితో మాట్లాడతారు అమ్మమ్మా?" అని అడిగింది. పిన్ని వేళ్ళు మడవబోయి ఊరుకుంది. పాలపాకెట్టు గేటు సంచీలో పడేసి పోతారు. కరెంటు బిల్లు కొడుకు డాలస్ నుంచే కట్టేస్తాడు. పెన్షను బ్యాంకులో పడుతుంది. సుఖం కోసమని మనం చేసిన ప్రతి ఏర్పాటూ ఆవిడ గుమ్మంలోంచి ఒక మనిషిని తగ్గించిందన్నమాట.

మనిషి ఎక్కువకాలం ఒంటరిగా ఉంటే ఒళ్ళు ఎప్పుడూ ఏదో ప్రమాదానికి కాపలా కాస్తున్నట్టే ఉంటుందిట. నిద్ర చెడుతుంది, బి.పి. పెరుగుతుంది, ఎదుటివాళ్ళ మీద అనుమానాలు కూడా పుడతాయిట. 2023లో అమెరికా సర్జన్ జనరల్ వివేక్ మూర్తిగారు దీనిమీద ఒక హెచ్చరికే వెలువరించారు. నలుగురితో సంబంధాలు తెగినవాళ్ళకి గుండెజబ్బు ప్రమాదం 29 శాతం, పక్షవాతం ప్రమాదం 32 శాతం ఎక్కువని అందులో ఉంది. బ్రిటన్‌లో 2018లో, జపాన్‌లో 2021లో ఒంటరితనం సంగతి చూడమని ఏకంగా మంత్రులకే అప్పగించారు. 2020లో కరోనాకి తలుపులేసుకుని మనమంతా కొన్ని నెలలకే ఎంత గోలపెట్టాం! పిన్నికి ఏడేళ్ళు.

మా ఇంటికి రమ్మంటే రానంది. "కరివేపాకు చెట్టుకి నీళ్ళెవరు పోస్తారే?" అంది. మావారు బతిమాలినా వినలేదు.

అందుకని రోజూ పొద్దున్నే ఫోన్ చెయ్యడం మొదలెట్టాను. ఊరికే చేస్తే జాలిపడుతున్నానని పసిగడుతుంది. "పిన్నీ, గోంగూరలో ఉల్లిపాయ ఎప్పుడెయ్యాలి?" "పిన్నీ, ఆవ ఎంత పెట్టాలి?" అని అడుగుతాను. మొదటి వారం ఓపిగ్గా చెప్పింది. తరవాత, "పెళ్ళై ముప్ఫయ్యేళ్ళయింది, నీకిది కూడా తెలీదుటే? మొగుడికి ఇన్నాళ్ళూ ఏం పెట్టావు?" అని తిట్టింది. ఆ తిట్టు విని ఎంత సంతోషించానో చెప్పలేను. ఎదురింటావిడకి కూడా రహస్యంగా ఒక ఫోను చేశాను లెండి.

నిద్ర ఇంకా సరిగ్గా పట్టడంలేదు. మాత్రలు నేను గుర్తుచేస్తేనే వేసుకుంటుంది.

మొన్న ఎంతసేపు మోగినా ఫోన్ తియ్యలేదు. నాలుగుసార్లు చేశాను. కాళ్ళూ చేతులూ ఆడలేదు. అయిదోసారి తీసి, "ఏమిటే నీ గోల! ఎదురింట్లో వడియాలు పెడుతున్నాం. చేతినిండా పిండి. రేపు చెయ్యి" అని పెట్టేసింది.