మేనరికం, ఒక రక్తపరీక్ష

కొన్ని నెలల క్రితం ఓ ఆదివారం పొద్దున్నే బాన్సువాడ నుంచి అక్క ఫోను. "తమ్మీ, బిడ్డ సంబంధం కుదిరినట్టే. చిన్నమ్మ కొడుకే. ఇంట్ల పిల్లగాడు, హైద్రాబాద్‌ల నౌకరి. ఏమంటవ్?" అంది సంబరంగా.

వరస కుదిరింది. చిన్నమ్మ కొడుకంటే అక్కకి తమ్ముడి వరస, కాబట్టి అక్క కూతురికి మేనమామ వరస. పిల్లాడు బంగారం. "చాలా మంచి మాటక్కా" అనాల్సినవాణ్ణి, "కొంచెం ఆగుతవా, సాయంత్రం చేస్త" అని పెట్టేశాను.

ఎందుకంటే చిన్నమ్మకి వీడికంటే ముందు ఇంకో కొడుకుండేవాడు. 1997లో, నేను ఇంటరు చదివేటప్పుడు, తొమ్మిదేళ్ళకి పోయాడు. తలసీమియా. మూడు నాలుగు వారాలకోసారి చిన్నాయన వాణ్ణి భుజానేసుకుని రక్తం ఎక్కించడానికి నిజామాబాద్ బస్సెక్కేవాడు. ఎక్కించుకొచ్చిన వారం వాడు మాతో సమానంగా కాలువ గట్టు మీద ఉరికేవాడు. రెండో వారం నడిచేవాడు. మూడో వారం అరుగు మీద కూర్చుని మమ్మల్ని చూసేవాడు. పొట్ట ఉబ్బి, చెంప ఎముకలు పైకి తేలి... సరే, అదంతా వద్దు. ఎక్కించిన ప్రతి సీసాతో ఒంట్లో ఇనుము పేరుకుంటుందనీ, దాన్ని తీసేసే మందు కూడా వాడకపోతే అది గుండెనీ కాలేయాన్నీ తినేస్తుందనీ నాకు తెలిసింది చాలా ఏళ్ళ తర్వాత. అప్పట్లో ఊళ్ళో వాళ్ళకి తెలిసిందల్లా దిష్టి, గాలి. చివరికి తేల్చింది మాత్రం ఒకటే: "ఆమె పుట్టింటి దోషం తెచ్చింది."

చిన్నమ్మ పెళ్ళాడింది సొంత మేనత్త కొడుకునే.

ఇక నా సంగతి. చిన్నప్పట్నుంచీ నాకు హిమోగ్లోబిన్ కాస్త తక్కువే. ఏ డాక్టరు దగ్గరికెళ్ళినా ఐరన్ మాత్రలు రాసేవారు, నేను మింగేవాణ్ణి. 2011లో మా ఆవిడ కడుపుతో ఉన్నప్పుడు ఓ డాక్టరమ్మ నా పాత రిపోర్టులు చూసి, "ఎర్రకణాలు లెక్కకి బాగానే ఉన్నాయి, సైజే మరీ చిన్నవి. ఇది ఐరన్ లోపంలా లేదు" అని ఇంకో పరీక్ష రాసింది. హిమోగ్లోబిన్ ఎ2 మామూలుగా మూడున్నర శాతం దాటకూడదు. నాకు ఐదు దాటింది. తలసీమియా మైనర్. అంటే రోగం కాదు, రోగాన్ని మోసే మనిషిని. మా ఆవిడకి చేస్తే మామూలుగానే ఉంది. హమ్మయ్య అనుకుని ఆ కాయితం ఫైల్లో పెట్టేశాను. అక్కకి చెప్పలేదు, అమ్మకి చెప్పలేదు. సిగ్గా, బద్ధకమా అంటే ఏం చెప్పను? రెండూ.

ఇప్పుడు కాస్త బయాలజీ. ఎంపీసీ వాళ్ళం కదా, పదో తరగతితో వదిలేసిన సరుకు, మళ్ళీ తవ్వుకోవాల్సొచ్చింది.

మన ప్రతి కణంలో 46 క్రోమోజోములు, అంటే 23 జతలు. ప్రతి జతలో ఒకటి నాన్న ఇచ్చింది, ఒకటి అమ్మ ఇచ్చింది. చర్మం ఊడి కొత్తది వచ్చేటప్పుడు కణం మొత్తం 46నీ కాపీ చేసుకుని రెండుగా చీలుతుంది. అది మామూలు విభజన. అండం, వీర్యకణం తయారయ్యేటప్పుడు మాత్రం పద్ధతి వేరు: ప్రతి జతలోంచి ఒక్కటే వెళ్తుంది. ఏది వెళ్తుందనేది బొమ్మా బొరుసే. 23 సార్లు బొమ్మా బొరుసు వేస్తే 83 లక్షల పైచిలుకు రకాలు. పైగా విడిపోయే ముందు జతలోని రెండూ ముక్కలు మార్చుకుంటాయి కూడా. అందుకే ఒకే తల్లి బిడ్డలు ఒక్కలా ఉండరు.

హిమోగ్లోబిన్‌లో బీటా గొలుసు తయారీకి సూత్రం పదకొండో క్రోమోజోము మీదుంది. జతలో రెండు కాపీలు. ఒకటి పాడైనా రెండోది పని నడిపిస్తుంది, మన సర్వర్లలో మిర్రర్ డిస్కులాగా. నేను అలా ఒక్క డిస్కు మీద నడుస్తున్నవాణ్ణి. రెండూ పాడైన బిడ్డ మా తమ్ముడు. మన దేశంలో ఎక్కువగా కనిపించే బీటా తలసీమియా తప్పు ఎంతటిదో తెలుసా? ఒక్క అక్షరం. జి ఉండాల్సిన చోట సి. అదీ అసలు కోడ్‌లో కాదు, కణం కత్తిరించి పారేసే ఇంట్రాన్ అనే భాగం మొదట్లో. కామెంటు మొదలయ్యే గుర్తు చెడిపోయి, కంపైలరు కామెంటుని కూడా కోడ్ అనుకుని చదివితే ఏమవుతుందో అదే జరుగుతుంది.

ఇప్పుడు మా ఇంటి లెక్క. నేను మైనర్ కాబట్టి అమ్మానాన్నల్లో ఒకరు మైనర్. అందువల్ల అక్క మైనర్ అయ్యే అవకాశం సగం, మేనకోడలికి పావు. అటు పిల్లాడికి అమ్మానాన్న ఇద్దరూ మైనర్లే, వాడికి రోగం లేదు, కనక వాడు మైనర్ అయ్యే అవకాశం మూడింట రెండు. ఇద్దరూ మైనర్లయితే ప్రతి కాన్పుకీ నాలుగింట ఒకటి. అన్నీ గుణిస్తే 24లో 1. దేశంలో వందకి ముగ్గురు నలుగురు మైనర్లని లెక్కేస్తే, ఏ సంబంధమూ లేని ఇద్దరికి ఇది సుమారు 3600లో 1. సాయంత్రం ఫోన్లో నేను అక్కకి చెప్పాల్సింది ఈ 24.

చెప్పాను. అక్క చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత, "పిల్లకి పేరు పెడ్తున్నవా? పదిమందిల తెలిస్తే బయటి సంబంధం గూడ రాదు" అంది. బావ ఫోను తీసుకుని, "నువ్వు అమెరికా తెలివి ఇక్కడ చూపియ్యకు" అన్నాడు. (నేను అమెరికాలో ఉన్నది ఎనిమిది నెలలు, అదీ ఆన్‌సైట్.)

ఇక్కడ ఓ మాట చెప్పాలి. మేనరికం వల్ల జబ్బులు పుట్టవు. పాడైన కాపీ ఇంట్లో ముందే ఉంటుంది, మేనరికం అలాంటి రెంటిని కలిపే అవకాశాన్ని పెంచుతుంది, అంతే. సొంత మేనమామని చేసుకుంటే పుట్టే బిడ్డకి ఏ సూత్రమైనా రెండు కాపీలూ ఒకే పూర్వీకుడి నుంచి వచ్చే అవకాశం ఎనిమిదింట ఒకటి, బావామరదళ్ళయితే పదహారింట ఒకటి. ఇంగ్లండులోని బ్రాడ్‌ఫర్డ్‌లో వేల కాన్పులు చూసి 2013లో లాన్సెట్‌లో వేశారు: పుట్టుకతో వచ్చే లోపాలు మామూలుగా వందకి మూడు, బాబాయి, పెదనాన్న, మేనమామ, మేనత్త పిల్లల మధ్య పెళ్ళిళ్ళలో వందకి ఆరు. రెట్టింపు. కానీ వందలో 94 మంది బాగానే ఉంటారు. అందుకే ప్రతి ఊళ్ళోనూ "మా తాతది మేనరికమే, మాకేమైంది?" అనేవాళ్ళు దొరుకుతారు, వాళ్ళ మాటా నిజమే. మన ఆంధ్రదేశపు మేనరికాల మీద 1960 నాటికే పిఠాపురం వాడైన ద్రోణంరాజు కృష్ణారావు గారు పని చేశారు, హాల్డేన్ శిష్యుడు. చెవి మీద వెంట్రుకలు తండ్రి నుంచి కొడుక్కే వస్తాయా అని వంశవృక్షాలు గీసిందీ ఆయనే. మన మేనరికాల సంగతి కొత్తగా కనిపెట్టిందేం కాదు.

పోనీ బయటి సంబంధం చేస్తే నిశ్చింతేనా? మనవాళ్ళ "బయట" అంటే అదే కులం, పక్క జిల్లా. మన హబ్సిగూడ సీసీఎంబీ వాళ్ళు, హార్వర్డ్ వాళ్ళు కలిసి 2017లో వేసిన పత్రంలో 263 సమూహాలు చూస్తే 81 చోట్ల, కొద్దిమంది పూర్వీకుల నుంచి పెరిగి తమలో తామే పెళ్ళిళ్ళు చేసుకున్న ఆనవాళ్ళు బలంగా కనబడ్డాయి. వైశ్యుల ఉదాహరణ తెలిసే ఉంటుంది. ఆపరేషన్‌కి ముందు కండరాలు సడలడానికిచ్చే ఒక మందు కొద్ది నిమిషాల్లో విరిగిపోవాలి. దాన్ని విరిచే ఎంజైము వీళ్ళలో కొందరికి లేక గంటల తరబడి ఊపిరి కండరాలు కదలవు. అందుకే మత్తు డాక్టర్లు ముందే కులం అడుగుతారు. ఈ లెక్కన గోత్రం చూసుకున్నాం, మేనరికం కాదు అని గుండెల మీద చెయ్యేసుకోవడానికి లేదు. జాతకానికి పెట్టే ఖర్చులో కొంత రక్తపరీక్షకి పెడితే పోయేదేముంది?

నా రిపోర్టు ఫోటో తీసి అక్కకి వాట్సాప్‌లో పంపాను. పేరు పెట్టడమైతే ముందు నాకే పెట్టుకున్నాను చూడు అని. నీలం టిక్కులు పడ్డాయి, జవాబు లేదు. పది రోజులు.

పదకొండో రోజు మేనకోడలు చేసింది. గచ్చిబౌలిలో టెస్టింగులో పని చేస్తుంది. "మామా, ఏ పరీక్ష, ఏ ల్యాబ్ చెప్పు. అమ్మకి చెప్పకు" అంది. శనివారం ఇద్దరూ కలిసి వెళ్ళి రక్తమిచ్చొచ్చారు. పిల్లాడు దారిలో దానికి చెప్పాడట, తను మైనరని కాలేజీ రోజుల్నుంచీ తెలుసని, వాళ్ళమ్మ ఎవరికీ చెప్పొద్దని ఒట్టేయించుకుందని. నేనొక్కణ్ణే దాచానని అనుకుంటున్నాను ఇన్నాళ్ళూ.

వాడు మైనర్. అది మామూలు. దానికి ఎ2 రెండున్నర. ఇద్దరూ మైనరైనా పెళ్ళి ఆపక్కర్లేదని, పదకొండు పన్నెండు వారాలప్పుడు మాయ నుంచి చిన్న ముక్క తీసి పరీక్ష చేస్తారని నేను సిద్ధం చేసుకున్న ఉపన్యాసం మిగిలిపోయింది.

రెండ్రోజులకి చిన్నమ్మ ఫోను. ఎప్పుడూ తను చేయదు.

"పోరి జెప్పింది. అంటే అప్పుడు పిల్లగానికి నా తోటి వచ్చిందా?"

"నీ ఒక్కదాని తోటి రాదు చిన్నమ్మా. చిన్నాయనది ఒకటి, నీది ఒకటి. రెండూ తాతోళ్ళ ఇంటియే. తాత, ఆయన చెల్లె ఇద్దరికీ ఎవరో ఒకరు పెద్దలు ఇచ్చింరు, ఆళ్ళకూ తెల్వదు."

"మరి మీ అమ్మ నా తోడబుట్టిందే గద. మీకెవరికీ కాలేదేంది?"

"అమ్మకు గూడ ఉండి ఉంటది. నాకు వచ్చింది అక్కడి నుంచే అనుకుంట. బాపుది మన ఇల్లు గాదు, బోధన్ దిక్కు. ఆయనకు లేదేమో. గంతే తేడా."

చాలాసేపు చప్పుడు లేదు. వెనక వాళ్ళింట్లో టీవీ సీరియల్ వినబడుతోంది.

"గీ మాట మీ చిన్నాయనకు ఎవరన్న అప్పుడే చెప్తే బాగుండు బిడ్డా" అంది. తర్వాత, "ముహూర్తం ఎప్పుడు పెడ్తున్నరో మీ అక్కను అడుగు, నాతోటి మాట్లాడ్తలేదు" అని పెట్టేసింది.