బోర్డు మారితే ఊరు మారుతుందా?

పేరులో అక్షరం కలిపితే జాతకం మారుతుందని న్యూమరాలజీ వాళ్ళంటే మనం నవ్వుతాం. 2018 ఆగస్టులో తెలంగాణలో 68 కొత్త మున్సిపాలిటీలు ఏర్పడ్డాయి. చుట్టుపక్కల ఊళ్ళతో కలిపి అందులో మా పంచాయతీనీ చేర్చారు. "ఇక ఊరు బాగుపడుతుంది" అన్నవాళ్ళలో నేనూ ఉన్నాను. ఏ ఆధారంతో అన్నానో నన్ను నేనే అడగలేదు.

మున్సిపాలిటీ చేసేముందు ఏమేం చూడాలో రాజ్యాంగం 243క్యూ అధికరణంలో ఉంది: జనాభా, జనసాంద్రత, స్థానిక ఆదాయం, వ్యవసాయేతర పనులు చేసేవారి శాతం. మా వీధిలో సగంమంది పొలం కూలీలే. 2005 ఉపాధి హామీ చట్టం 100 రోజుల పని ఇచ్చింది గ్రామీణ కుటుంబాలకే. ఊరు కాగితం మీద పట్నం కాగానే ఆ హక్కు పోయింది.

"పట్నమైతే ఏమొచ్చింది బిడ్డా? ఉన్న ఉపాధి పని పాయె" అంది పక్కింటి పెద్దమ్మ. నా దగ్గర జవాబు లేదు.

మోరీ గురించి అడుగుదామంటే సర్పంచ్ లేడు. కౌన్సిలర్ల ఎన్నికలు జరిగింది 2020 జనవరిలో. అందాకా ప్రత్యేకాధికారే దిక్కు.

సరిహద్దులు మార్చడమే తప్పనను. మంచినీళ్ళకు, మురుగుకాల్వలకు నాలుగూళ్ళు కలిస్తే మేలే కావచ్చు. కానీ బాబాల మహిమకు రుజువడిగే మనం, సర్కారు గీసిన గీతకూ అడగాలి. ముందుగా నేను అడగాల్సింది.