పరిచర్య

చిక్కడపల్లి సిటీ సెంట్రల్ లైబ్రరీలో, గ్రూప్స్‌కి చదువుకునే అశోక్ నగర్ పిల్లల మధ్య కూచుని అన్నా కుగ్లర్ గురించి చదివాను. 1883లో అమెరికా నించి గుంటూరు వచ్చిన లూథరన్ మిషనరీ. చదివింది డాక్టరీ. మిషన్ పంపింది మాత్రం వైద్యానికి కాదు, ఆడవాళ్లకి చదువు చెప్పడానికి! అయినా మగ డాక్టరుకి చెయ్యి చూపించని ఆడవాళ్లు ఆమెని వెతుక్కుంటూ వచ్చారు. 1885లో గానీ వైద్య మిషనరీగా గుర్తించలేదు. 1898లో ఆస్పత్రి తెరిచింది, 1930లో గుంటూరులోనే పోయింది.

మతం కోసమే వచ్చిందంటారు కొందరు, దేవతంటారు కొందరు. ఇంటింటికీ తిరిగిన తెలుగు బైబిల్ స్త్రీల ఊసు ఇద్దరూ ఎత్తరు.

మా అమ్మ పుట్టింది ఆ ఆస్పత్రిలోనే. అమ్మమ్మ నోట కుగ్లర్ పేరు నేనెప్పుడూ వినలేదు. రాత్రంతా తన నడుం నిమిరి, తెల్లారగానే గంజి తాగించిన నర్సమ్మ గురించే చెప్పేది. ఆమె చేతి గంజి తాగిన సంగతి మాత్రం అత్తగారికి చివరిదాకా చెప్పలేదట.