ఏడో నెల తల్లికీ పాలు పడతాయి

హైదరాబాదు రెడ్‌హిల్స్‌లోని నీలోఫర్ ఆసుపత్రికి నెలలు నిండని బిడ్డలు జిల్లాల నుంచి వస్తూనే ఉంటారు. అక్కడ 2017లో మొదలైన ‘ధాత్రి’ తల్లిపాల బ్యాంకును చూడాలని చాన్నాళ్ళుగా అనుకుని, మొత్తానికి వెళ్ళాను.

దానంగా వచ్చిన పాలను 62.5 డిగ్రీల వేడిలో 30 నిమిషాలు ఉంచి, పరీక్షించి, గడ్డకట్టించి దాస్తారు. అయితే ఆ వేడికి పాలలోని రక్షణ గుణం కొంత పోతుంది. కన్నతల్లి పాలకు ఆ నష్టం లేదు. పైగా నెలలు నిండకుండా కన్న తల్లి తొలి పాలలో మాంసకృత్తులు మరింత ఎక్కువ. పేగులు కుళ్ళే జబ్బు నుంచి ఈ బిడ్డలను ఎక్కువగా కాసేవి ఆ పాలే. అందుకే నేను ఎక్కువసేపు కూర్చున్నది తల్లులు పాలు పిండుకునే గదిలో.

ఏడో నెలలో కాన్పయిన అమ్మాయి ఒకామె తల వంచుకుని కూర్చుంది. “పాలు పడలే సిస్టరమ్మా. పిల్లగాడు గుంజితే గదా పడేది” అంది వెంట వచ్చిన అత్తగారు.

సిస్టర్ వాదించలేదు. చేతులు కడిగించి, వెచ్చటి బట్ట అద్దించి, చనుమొనకు కాస్త వెనగ్గా వేళ్ళు ఆనించి, ఛాతీ వైపు నొక్కి పిండటం నేర్పింది. చాలాసేపటికి గిన్నె అడుగున పచ్చటి ముర్రుపాల చుక్కలు కనబడ్డాయి. అర చెంచా కూడా ఉండవు.

“గింతేనా?” అంది అమ్మాయి.

“వాని కడుపుకు గిదే శానా బిడ్డా.”

కొన్ని చుక్కలు బాబు బుగ్గ లోపల అద్దారు. మిగతావి గొట్టంలోంచి పంపారు. చప్పరించడం, మింగడం, ఊపిరి తీయడం మూడూ కలిసిరావాలంటే 34 వారాలు దగ్గరపడాలి. అప్పటిదాకా గొట్టం, తర్వాత ఉగ్గుగిన్నె, ఆపైన రొమ్ము. అత్తగారి మాటలో నిజం లేకపోలేదు. రొమ్ము ఖాళీ అవుతుంటేనే పాలు ఊరతాయి. బిడ్డ గుంజలేని ఆ వారాల్లో తల్లి చెయ్యే ఆ పని చేయాలి, రోజుకు ఎనిమిదిసార్లు, రాత్రి కూడా. కాన్పయిన తొలి గంటల్లోనే మొదలుపెట్టాలి.

బిడ్డను తల్లి గుండెలకు ఆనించుకుంటే పాలు ఇంకా బాగా వస్తాయి. 1978లో బొగోటాలో మొదలైన ఈ కంగారూ పద్ధతిని బిడ్డ పుట్టగానే మొదలుపెడితే మరణాలు నాలుగో వంతు తగ్గాయని 2021లో వెలువడిన పరిశోధన తేల్చింది. ఢిల్లీ సఫ్దర్‌జంగ్ ఆసుపత్రి అందులో పాలుపంచుకుంది. కానీ అలా చేయాలంటే బిడ్డ పక్కనే తల్లికీ మంచం ఉండాలి.

నా బాధంతా ఇక్కడే. బిడ్డ అంబులెన్సులో నగరానికి వస్తుంది, ఆపరేషన్ అయిన తల్లి ఊళ్ళోని ఆసుపత్రిలోనే ఉండిపోతుంది. ఆమె పాల సంగతి అడిగే దిక్కుండదు. తరలించేటప్పుడు ఇద్దరినీ కలిపే తరలించాలి. వీలుకాకపోతే ఆమె వార్డులోనే పాలు పిండించడం మొదలుపెట్టించాలి.

నేను లేచేసరికి ఒక తండ్రి వచ్చాడు. భార్య ఇంకా జిల్లా ఆసుపత్రిలోనే ఉందట. సిస్టర్ అతని ఫోన్ తీసుకుని వీడియో కాల్ చేయించింది. “అమ్మా, నీ పక్కన ఎవరున్నరు? అక్కడి సిస్టర్‌ను పిలిచి ఫోన్ ఆమెకియ్యి” అంది.