అల్లెత్రాడు తెగిన తరువాత

వింటికి కట్టే త్రాటికి మన భాషలో పేర్ల కొరత లేదు. అల్లె, నారి, గొనయం అని తెలుగువాళ్ళం అన్నాం. సంస్కృతం నుండి గుణం, శింజిని, జ్య, మౌర్వి వచ్చి చేరాయి. మూర్వ అనే మొక్క నారతో పేనుతారు గనుక మౌర్వి. ఆ మొక్క జాతినే మన పల్లెల్లో చాగ అంటారు. మ్రోగుతుంది గనుక శింజిని. ఇక గుణమనే మాటకు వింటినారి అనీ, మంచి నడవడి అనీ రెండర్థాలు ఉండడం మన కవుల పాలిట వరమైంది. ఆ శ్లేషలను ముప్పయ్యారేళ్ళపాటు తరగతి గదిలో విప్పి చెప్పిన వాణ్ణి నేను.

అయితే నారి తెగినప్పుడు విల్లేమవుతుందన్న సంగతి ఏ నిఘంటువులోనూ ఉండదు. తెగిన త్రాడు కంటికి కనబడుతుంది. అది తెగిన క్షణాన విల్లు తిన్న దెబ్బ కనబడదు. త్రాడు మార్చితే సరిపోతుందనుకొనేవాడికి ఆ కనబడని దెబ్బ వల్లనే ప్రమాదం. ఈ విషయం నాకు ఒహైయో రాష్ట్రంలో, మా అబ్బాయి ఇంటి పొరుగున ఉన్న ఒక వృద్ధుడి కొట్టంలో బోధపడింది.

2023లో నేనూ, మా ఆవిడా ఆరు నెలలు అక్కడున్నాం. పొరుగాయన యంత్రాల కర్మాగారంలో పనిచేసి విశ్రాంతి తీసుకొంటున్నవాడు. ఇంచుమించు నా యీడువాడే. ఆయన యాస నా చెవికి సులువుగా అందదు. పధ్నాలుగేళ్ళ మా మనుమడే మాకిద్దరికీ దుబాసి. ఆ ప్రాంతంలో తెల్లతోక జింకలను విల్లంబులతో వేటాడే ఋతువు సెప్టెంబరు చివర మొదలవుతుంది. అందులో క్రాస్‌బోకు కూడా అనుమతి ఉంది. వేట మంచిచెడ్డల చర్చ ఇక్కడ ఎత్తను. నా దృష్టి అంతా ఆ వింటి మీదనే నిలిచింది.

క్రాస్‌బో అంటే చూడనివారికి రెండు మాటలు. తుపాకికి ఉన్నట్లే మడమా, మీటా ఉన్న ఒక పొడవాటి దిమ్మ. దాని ముందు కొనకు విల్లును అడ్డంగా బిగిస్తారు. నారిని వెనక్కు లాగి కొక్కేనికి తగిలిస్తే అది అక్కడే నిలుస్తుంది. దిమ్మ మీది గాడిలో బాణం ఉంచి మీట నొక్కితే కొక్కెం వదులుతుంది, బాణం దూసుకుపోతుంది. పొరుగాయన విల్లు కప్పీలూ చక్రాలూ లేని పాతపద్ధతిది. గాజునార పొరలతో చేసిన రెండు బద్దలు, వాటి కొనలను కలుపుతూ ఒక నారి. అంతే. ఆ నారిని లాగడానికి సుమారు 200 పౌండ్ల బలం కావాలి. మన లెక్కలో 90 కిలోలు. ఒట్టి చేతులతో కాక, పిడులున్న త్రాటితో లాగుతారు.

ఋతువు ఇంకా మూడు వారాలుందనగా ఆయన మేనల్లుడు, ఇరవై యేళ్ళవాడు, ఆ వింటిని తీసుకొని వచ్చాడు. నారి నడుమ తెగి రెండు తోకలుగా వ్రేలాడుతున్నది. “సాధన చేస్తుంటే తెగింది, మామయ్యా. పెట్టెలో కొత్త నారి ఉందిగా, కట్టేస్తే సరి” అన్నాడు. మా మనుమడికి కూడా అదే ఉత్సాహం. కొత్త నారి కట్టడం చూడాలని, వీలైతే ఒక బాణం తానూ వేయాలని.

పెద్దాయన కొత్త నారి జోలికి పోలేదు. వింటిని బల్ల మీద పెట్టి ఒక్క ప్రశ్న వేశాడు. “బాణం ఎటు పోయింది?”

ఆ ప్రశ్నలోని లోతు నాకు వెంటనే అందలేదు, తరువాత ఆయనే వివరించాడు. ఆ విల్లు వేసే బాణం బరువు 27 గ్రాములు. వేగం సెకనుకు 330 అడుగులు, అంటే దాదాపు 100 మీటర్లు. లెక్క కడితే ఆ బాణం మోసుకుపోయే శక్తి సుమారు 137 జౌల్స్. పధ్నాలుగు కిలోల బియ్యపు మూటను మీటరు ఎత్తు నుండి కాలిమీద పడవేస్తే ఎంత దెబ్బో అంత. అదంతా సెకనులో నూరవ వంతు కూడా పట్టని వ్యవధిలో వెలువడుతుంది. బాణం ఉన్నప్పుడు ఆ శక్తిలో చాలా భాగం బాణంతో వెళ్ళిపోతుంది. బాణం లేకుండా మీట నొక్కితే అది పోవడానికి వేరే చోటు లేదు. బద్దల మీదికి, వాటి కొనల మీదికి, నారి మీదికి తిరగబడుతుంది. బాణం గుణి బొమ్మలో దిగి ఉంటే తెగింది అరిగిన నారి అయి ఉండవచ్చు. బాణం పోకుండా నారి తెగితే విల్లు తనను తానే కొట్టుకొన్నట్లు.

ఇది విన్నప్పుడు నాకు శతపథబ్రాహ్మణంలోని కథ గుర్తుకు వచ్చింది. విష్ణువు ఎక్కుపెట్టిన వింటి కొన మీద తల ఆనించి నిలిచి ఉండగా చెదలు నారిని కొరికాయట. అల్లె తెగింది, వింటి కొనలు ఒక్కసారి విదిలించుకొన్నాయి, శిరస్సు ఎగిరిపోయింది. దేవీభాగవతంలో హయగ్రీవ రూపానికి మూలం ఇటువంటి కథే. ఎన్నోసార్లు పాఠంలో చెప్పిన కథ. దాని వేదాంతార్థం ఏమైనా, ఆ కథ చెప్పినవాడికి వింటి స్వభావం తెలుసునని ఆ కొట్టంలో అనిపించింది. ఎక్కుపెట్టిన విల్లు ఊరక నిలిచి ఉన్నప్పుడు కూడా పని చేస్తూనే ఉంటుంది. దాన్ని పట్టి ఉంచినది ఒక్క త్రాడు. మనుమడికి ఈ కథ చెబితే, వాడు పెద్దాయనకు ఇంగ్లీషులో చెప్పాడు. ఆయన “చెదలా!” అని నవ్వి, మళ్ళీ వింటి మీదికి వంగాడు.

మేనల్లుడు ఒక బాణం తీసి చూపి, “ఇదే వేశాను” అన్నాడు. పెద్దాయన దాని వెనుక కొసను వెలుగులో పెట్టి చూశాడు. పై భాగాన ప్లాస్టిక్కు గీచుకుపోయింది, ఒక ఈక మొదలంటా చీలింది. గుణి బొమ్మలో దిగిన బాణం మొన మీద ఉండవలసిన గుర్తులు మాత్రం లేవు. బాణాన్ని గాడిలో నారికి తగిలేదాకా వెనక్కు జరపకపోతే, నారి దాన్ని నెట్టడానికి బదులు దాని మీదుగా దూకుతుందట. బాణం నాలుగడుగుల దూరంలో గడ్డిలో పడుతుంది. గాడిలో బాణం ఉన్నా వింటికి అది లేనట్లే లెక్క.

తరువాత నారి కొసలు చూశాడు. నారి నడుమ అరిగిపోకుండా గట్టి దారం చుట్టి ఉంటుంది. వాడకం వల్ల తెగేదైతే ఆ చుట్టు చాలా రోజుల ముందు నుండే వదులవుతుంది, లోపలి పోగులు నూగు లేస్తాయి, మైనం ఎండి త్రాడు గరుకు తేలుతుంది. ఈ నారి కొత్తదానిలా నున్నగా ఉంది. పోగులన్నీ ఒకే చోట పగిలాయి.

ఇక్కడ ఆయన చేసినదే నాకు ముఖ్యంగా తోచింది. ఆయన గొంతు పెంచలేదు. “ఎవరిది తప్పు అని అడగడం లేదు. ఏమి జరిగిందో తెలిస్తే ఎక్కడ వెదకాలో తెలుస్తుంది” అన్నాడు. కాసేపు ఎవరూ మాట్లాడలేదు. చివరకు ఆ కుర్రవాడు తల దించుకొని, బాణం గడ్డిలోనే దొరికిందనీ, ఫట్టుమని పెద్ద చప్పుడయిందనీ చెప్పాడు. “సరే, మంచిది” అన్నాడు పెద్దాయన. భూతద్దం, టార్చిలైటు, ఒక దూది ఉండ తెచ్చుకొన్నాడు.

దూది ఎందుకో అనుకొన్నాను. గాజునార బద్దను ఒట్టి వ్రేలితో తడిమితే కంటికి కనబడని పెళుసులు చర్మంలో దిగుతాయి. దూదిని అంచుల వెంబడి మెల్లగా నడిపిస్తే, నార లేచిన చోట నాలుగు పోగులు చిక్కుకొంటాయి. కుడి బద్ద మీద దూది నున్నగా జారిపోయింది. ఎడమ బద్ద మీద కొన నుండి జానెడు దూరంలో ఆగింది. భూతద్దంలో చూస్తే రంగు క్రింద వెంట్రుక వంటి తెల్లని గీత, అంచున ఒక సన్నని చీలిక. ఎదుట నిలబడి చూసేవాడికి ఏమీ లేదు. కొత్త నారి కట్టి ఎక్కుపెట్టి ఉంటే, మడమకు చెంప ఆనించి గురి చూసేవాడి ముఖానికి మూరెడు దూరంలో ఆ బద్ద 90 కిలోల బరువు మోస్తూ ఉండేది. మా మనుమడు తన చెంప తడుముకొన్నాడు. నేను చూడనట్లు ఊరకున్నాను.

అంతటితో ఆయన ఆగలేదు. నారి కూర్చొనే గాళ్ళు కొనల దగ్గర చెదిరాయేమో చూశాడు. బద్దలను బిగించిన నడిమి లోహపు దిమ్మనూ, మరలనూ చూశాడు. కొక్కేనికి గరుకు పుట్టిందేమోనని దాని మీదుగా నైలాను దారం నడిపించాడు. గరుకుంటే అది కొత్త నారిని కూడా కోస్తుంది. దిమ్మ మీది గాడి గీతలు పడలేదని తేల్చుకొన్నాడు. చీలింది ఒక్క బద్దే అయినా రెండూ మార్చాలన్నాడు. ఒకటి కొత్తది, ఒకటి పాతది అయితే రెండూ ఒకే తీరున వంగవు, నారి ప్రక్కకు లాగుతుంది. బాణం లేకుండా వదిలిన వింటికి చాలా కంపెనీల హామీ వర్తించదు. అయినా ఉన్నదున్నట్లు వ్రాసి, వింటిని తయారుచేసినవారికే పరీక్షకు పంపాడు. ఋతువు మొదటి రోజులు ఆయనకు అలా గడిచిపోయాయి.

ఇంటికి వస్తూ మనుమడు అడిగాడు. “తాతయ్యా, రాముడు లాగినప్పుడు శివుడి విల్లు విరిగింది గాని, నారి తెగలేదేం?” వాల్మీకి చెప్పినది ఇంతే. రాముడు నారి సంధించి లాగితే విల్లు నడిమికి విరిగింది. దాన్ని రాముడి బలంగానే చెప్పుకొన్నాం, చెప్పుకోవాలి కూడా. అయితే వాడి ప్రశ్నకు ఆధారమైన లోకానుభవం ఒకటుంది. త్రాడు వింటి కన్న బలమైనదైతే భారం వింటి మీద పడుతుంది. దీన్ని మర్నాడు పెద్దాయన ధ్రువపరిచాడు. పాతకాలపు విళ్ళకు కట్టే పాలియెస్టరు నారి కొంచెం సాగుతుంది, అది అదురును కొంత మింగుతుంది. ఇప్పటి కొన్ని కృత్రిమ నారలు బలమైనవి, దాదాపు సాగవు. వాటికి తగినట్లు చేయని వింటికి వాటిని కడితే అదురంతా కొనలకు చేరి అవి చీలే ప్రమాదముంది. అందుకే తెగిన నారికి బదులు మరింత గట్టిది కట్టాలన్న ఆశ పనికిరాదు. ఆ వింటికి చెప్పిన పొడవు, చెప్పిన పోగుల లెక్క, చెప్పిన నార, ఇవే కావాలి.

మిగిలిన జాగ్రత్తలు కూడా చెప్పాడు. అవి ఇంచుమించు ఏ క్రాస్‌బోకైనా చెల్లుతాయి. నారికి తరచు మైనం పట్టించాలి. లాగేటప్పుడు రెండు ప్రక్కలా సమంగా లాగాలి, లేకుంటే నారి ఒక వైపుకు జరిగి బాణం వంకర పోతుంది. నిర్ణయించిన దాని కన్న తేలిక బాణం వేయకూడదు, అది సగం ఖాళీ వింటిని వదలడమే. బాణాన్ని నారికి తగిలేదాకా జరపాలి. వ్రేళ్ళు, ముఖ్యంగా బ్రొటనవ్రేలు, నారి నడిచే దారిలోకి రాకూడదు. వస్తే తెగేది అదే. ఎక్కుపెట్టిన దానిని వేటకు కాకపోయినా మెత్తని గుణిలోకి ఒక బాణం వేసి దించాలి గాని, అలాగే గోడకు ఆనించి పోకూడదు. కప్పీలున్న విల్లయితే నారితో పాటు తీగత్రాళ్ళూ, చక్రాలూ, ఇరుసులూ చూపించాలి. దాని నారి విప్పడానికి బద్దలను అదిమి పట్టే ప్రత్యేక యంత్రం కావాలి, ఇంట్లో చేతులతో చేసే పని కాదు.

బడిలో పనిచేసినవాడిని గనుక నా మనసు మరొక వైపుకు కూడా పోయింది. ప్రయోగశాలలో త్రాసు క్రింద పడుతుంది. పడవేసిన పిల్లవాడు బెదిరి దాన్ని యథాస్థానంలో పెట్టేస్తాడు. పైకి అంతా సరిగానే ఉంటుంది. ఆ తరువాత ఏడాదంతా తరగతిలోని పిల్లలు తప్పు తూకాలు వ్రాస్తారు. బెత్తం పట్టుకొని “ఎవడురా పడేసింది?” అని గద్దించే చోట పిల్లలకు దాచడం తెలిసినంత బాగా మరేదీ తెలియదు. ఆ కొట్టంలో ఆ కుర్రవాడి నోట నిజం రాకపోతే దూది బయటికి వచ్చేది కాదేమో. వచ్చినా, అంత ఓపికగా ఆ జానెడు దూరం దాకా నడిచేది కాదేమో.

అక్టోబరులో కొత్త బద్దలతో, తగిన నారితో విల్లు తిరిగి వచ్చింది. తొలి బాణాన్ని గాడిలో పెట్టి, నారికి తగిలిందో లేదో వంగి చూసి, ఆ తరువాతనే మీట మీద వ్రేలు వేసింది మేనల్లుడే. ఆ నారి మ్రోగడం నేను మా పెరట్లో నుండి విన్నాను. దానికి శింజిని అని పేరు పెట్టినవాడు తప్పకుండా చెవి ఉన్నవాడే.