ఘ అంటే ఘర్

తెలుగు వాచకంలో ఘ అక్షరానికి బొమ్మ వెదకడం కష్టం. ఘటం అనో ఘడియ అనో ఏదో ఒకటి పెట్టాలి. ఆ మాటలు తెలుగు ఇళ్లలోనే అరుదు. మా సుగాలీ పిల్లలకు మాత్రం ఘ పుట్టినప్పటి నుంచీ నోట్లో ఉన్న శబ్దం. ఇంటిని మేం ఘర్ అంటాం. అదే అ పక్కన తల్లి బొమ్మ పెట్టి ఇదెవరని అడిగితే, ఒకటో తరగతి పిల్ల యాడి అంటుంది. జవాబు సరైనదే. కానీ దాంతో అ రాదు, య వస్తుంది.

ఈ మెలిక పట్టుకోకపోతే పలకైనా ఫోనైనా గోడకు తగిలించిన టీవీ అయినా ఒకటే.

మేం పనిచేసేది పల్నాడులో, బొల్లాపల్లి వైపు ఒక తండా బడి. చుట్టూ పత్తి, మిరప. కిందటేడు డీఎల్‌ఎడ్ రెండో సంవత్సరం చదివే ఒక అమ్మాయి బోధనాభ్యాసానికి మా దగ్గరకు వచ్చింది. ఆమెదీ తండానే, ప్రకాశం జిల్లా. చేతిలో ఫోను, సంచిలో చిన్న స్పీకరు. మేం డీఎడ్ చదివిన రోజుల్లో సాంకేతికత అంటే రేడియో. ‘విందాం నేర్చుకుందాం’ వచ్చే వేళకు పిల్లల్ని వరసగా కూర్చోబెట్టేవాళ్లం. రేడియో చెప్పేది, అందరం వినేవాళ్లం. ఇప్పటి ఫోను పిల్ల చదివితే తాను వింటుంది. మాకు ఆశ్చర్యం కలిగించింది అదే.

మొదటి వారం వీడియో పాటలతో గడిచింది. పుస్తకంలోని క్యూఆర్ కోడ్ మీద ఫోను పెడితే దీక్షా యాప్‌లో పాఠం తెరుచుకుంటుంది. పిల్లలు గొంతు చించుకుని పాడారు. పాట ఆపి అందులోని మాటనే బోర్డు మీద రాస్తే ముగ్గురు చదివారు. ఆ అమ్మాయి ముఖం చిన్నబోయింది. పాట పాడటం వేరు, అక్షరం చదవడం వేరు అని శిక్షణ పుస్తకాల్లో ఉంటుంది గానీ, అది తరగతిలో నిలబడితేనే అర్థమవుతుంది.

రెండో వారం చదువు వినే యాప్ ఒకటి తెచ్చింది. పిల్ల వాక్యం చదివితే సరైన మాటకు ఒక రంగు, తప్పుకు ఇంకో రంగు. రెండో తరగతి పిల్ల ఒకతె మూడుసార్లు చదివింది. మూడుసార్లూ తప్పనే వచ్చింది. ఫోను కింద పెట్టేసి, ఇక నోరు విప్పలేదు. ఆ అమ్మాయి తన నోటుపుస్తకంలో ‘చదవడం రాదు’ అని రాసుకుంది.

మర్నాడు ఫోను లేకుండా ఇద్దరం ఆ పిల్ల పక్కన కూర్చుని విన్నాం. “ఇ... ల్లు... ఇల్లు, ఘర్” అంది. ప్రతి మాటకూ అంతే. తెలుగులో చదివి, వెంటనే మన మాటలో అర్థం చెప్పుకుంటోంది. యంత్రానికి అది ఎక్కువైన మాట, అంటే తప్పు. పంతులుకు అది ఆ పిల్ల అర్థం చేసుకుంటూ చదువుతోందనడానికి సాక్ష్యం. అలా చదివే పిల్లలు ఏ తరగతిలోనైనా ఎందరుంటారు?

“మేడం, దీన్ని ఎక్కడ రాయాలి? నా పట్టికలో గడి లేదు” అని అడిగింది ఆ అమ్మాయి.

“గడి నువ్వే గీసుకో” అన్నాం.

అక్కడి నుంచి ఫోను పని మారింది. మార్కులు వేసే పని తీసేసి, రాసిపెట్టే పని ఇచ్చాం. ఆ పిల్ల నానమ్మ కళ్లంలో మిరపకాయ ఆరబోయడం, ఎర్రకాయ నుంచి తాలుకాయ ఏరడం ఎలాగో చెబుతుంటే రికార్డు చేశారు. పిల్లలు వింటూ ఒక్కో వాక్యం చెప్పారు. అమ్మాయి దాన్ని తెలుగు లిపిలోనే మన భాషలో టైపు చేసి టీవీలో చూపింది, కింద తెలుగు వాక్యం. య కి యాడి, బ కి బాటి, ణ కి పాణి. ఏ మాట ఎలా రాయాలని పిల్లలే పోట్లాడుకున్నారు. ప్రథమ్ బుక్స్ వాళ్లు 2015లో మొదలుపెట్టిన స్టోరీవీవర్‌లో బొమ్మల కథలు ఉచితంగా దించుకోవచ్చు, మన భాషలోకి మార్చి పెట్టుకోవచ్చు. అలా రెండు కథలు చేశారు.

ఉమ్మడి రాష్ట్రంలో 2004లో బహుభాషా విద్య కింద 8 గిరిజన భాషల్లో వాచకాలు వచ్చాయి, మనదీ అందులో ఉంది. మా బడిలో మాత్రం వాటిని మేం చూడలేదు. డీఎస్సీకి చదువుతున్న మన పిల్లలు ఇది గుర్తుంచుకోవాలి: ఎవరో అచ్చు వేసి పంపేదాకా ఆగనక్కరలేదు, నాలుగు వాక్యాల పాఠం ఒక సాయంత్రం పని. అలాగని మన భాషలోనే ఆగిపోతే కుదరదు. సంక్రాంతి నాటికి మా కాగితం మీద తెలుగు వాక్యాలే ఎక్కువ.

సంక్రాంతి తర్వాత కాయకోతలు. సగం తండా కూలికి పోయింది, పిల్లలూ వెంట వెళ్లారు. వెళ్లిన ఏడుగురిలో నలుగురి ఇళ్లలోనే వాట్సాప్ ఉన్న ఫోను ఉంది. వాళ్లకు రోజుకు ఒక కాగితం ఫొటో పంపాం, చదివి గొంతు పంపమన్నాం. మిగతా ముగ్గురి సంగతి ఫోనుతో తీరేది కాదు. సీజనల్ హాస్టల్ కోసం ఇప్పటికీ తిరుగుతున్నాం.

ఆ రెండో తరగతి పిల్ల మొదటి రికార్డింగు రాత్రి తొమ్మిదింటికి వచ్చింది. మధ్యలో మిరప ఘాటుకు దగ్గు. ‘ఆరబోశారు’ దగ్గర ఆగి, కూడబలుక్కుని చదివింది. వెనక నుంచి నానమ్మ ఇంకా ఏదో చెబుతోంది, పిల్ల ఆమెను ఊరుకోమంటోంది.