రోగం తేలకముందే ఫార్మాట్

నీరసంగా ఉందనగానే సెలైన్ పెట్టించుకునే అలవాటు మన సీమ పల్లెల్లో ఎంత బలంగా ఉందో, కంప్యూటర్ మాటిమాటికీ ఆగిపోతే ఫార్మాట్ కొట్టించే అలవాటూ అంతే బలంగా ఉంది. రెండింటి వెనకా ఒకటే తొందర: రోగమేదో తేలకముందే మందు పడాలి. గండికోట, జమ్మలమడుగు వైపు శనగ పంట డబ్బుల్లో మిగిల్చి భాగాలు కొని, ఇంట్లోనే బిగించుకున్న యంత్రం నీలి తెర చూపించి పడిపోతుంటే పిల్లలు పడే దిగులు చిన్నది కాదు. వాళ్లమీద నాకు కోపం రాదు; వాళ్లచేత ముందు ఫార్మాట్ కొట్టించి, తర్వాత ర్యామ్, ఆపైన ఎస్‌ఎంపీఎస్, చివరికి మదర్‌బోర్డు మార్పించే వైద్యం మీద వస్తుంది. విండోస్ లాగ్‌లో ‘కెర్నల్ పవర్ 41’ కనిపించగానే అదే రోగం పేరనుకుంటారు. అది చెప్పేదల్లా యంత్రం సరిగ్గా షట్‌డౌన్ కాకుండా మళ్లీ ఆన్ అయిందని. థర్మామీటర్ 102 చూపినంత మాత్రాన మలేరియానో టైఫాయిడో తేలదు కదా.

ఒకసారి పడిందిలే, పోనీ అనుకోవడమూ ప్రమాదమే. దాదాపు పది లక్షల కంప్యూటర్లను పరిశీలించి మైక్రోసాఫ్ట్ పరిశోధకులు 2011లో ఒక సంగతి తేల్చారు: ప్రాసెసర్ లోపంతో ఒకసారి పడినవాటిలో దాదాపు మూడింట ఒకటి మళ్లీ పడ్డాయి. పేరున్న కంపెనీల యంత్రాలకంటే మిగతావి, నిర్ణీత వేగం దాటించి నడిపినవి ఎక్కువ ఇబ్బంది పెట్టాయి. ఇంట్లో బిగించుకున్నవాళ్లు ర్యామ్‌కు ఎక్స్‌ఎంపీ అనే సెట్టింగ్ పెట్టడమూ వేగం పెంచడమే. దాన్ని తీసేసి, ర్యామ్‌ను పరీక్షించే మెమ్‌టెస్ట్‌ను రాత్రంతా నడపండి. పైసా ఖర్చు లేదు. ఒక్క తప్పు కనిపించినా ఆ ర్యామ్‌ను, అది కూర్చున్న స్లాట్‌ను అనుమానించాలి. ‘మా ఎండలకు ఏ యంత్రం నిలుస్తుంది?’ అంటారు. కొంత నిజం. జనవరి పొద్దుటికీ మే మధ్యాహ్నానికీ గదిలో ఇరవై డిగ్రీల తేడా ఉంటే, లోపలి వేడీ దాదాపు అంతే పెరుగుతుంది. నాపరాళ్ల దుమ్ము ఫ్యాన్‌లో పేరుకుంటే ఇంకాస్త ఎక్కువ. కానీ వేడెక్కిన ప్రాసెసర్ ముందు నెమ్మదిస్తుంది, అప్పటికీ తగ్గకపోతేనే ఆగుతుంది. గూగుల్ సర్వర్ల మీద 2009లో వచ్చిన పరిశోధనలో మెమరీ తప్పులకు వేడితో ఉన్న సంబంధం అనుకున్నదానికంటే చాలా తక్కువని తేలింది. కాబట్టి ఎండను తిట్టేముందు, చలికాలం పొద్దున కూడా పడుతోందా అని అడగాలి. ఎప్పుడు, ఏ పని చేస్తుండగా, అంతకుముందు ఏం మార్చాక అన్న మూడు ప్రశ్నలు వేయని వైద్యానికి డబ్బు ఇవ్వకండి.

అన్నిటికంటే నన్ను బాధపెట్టేది తొందరపడి నయమైందనుకోవడం. క్షయకు ఆరు నెలలు మందు వాడమంటే, రెండో నెలలో దగ్గు తగ్గగానే మానేసి, ముదిరాక తిరిగొచ్చేవాళ్లు ఉన్నారు. ఇక్కడా అంతే. సగటున మూడు రోజులకోసారి, వేళాపాళా లేకుండా పడే యంత్రం, మీరు ఏమీ మార్చకపోయినా మూడు రోజులు పడకుండా ఉండే అవకాశం నూటికి 37. తొమ్మిది రోజులు దాటితే గాని అది 5కు దిగదు. ఒకేసారి ర్యామ్, ఎస్‌ఎంపీఎస్ రెండూ మార్చి బాగైందంటే, ఏది రోగమో ఎప్పటికీ తెలియదు. మంచి ర్యామ్ అటక మీద పడి ఉంటుంది. ఒక్కటే మార్చండి, తొమ్మిది రోజులు ఆగండి.

ఫార్మాట్‌తో బాగైనవీ ఉన్నాయి కదా అంటే, ఉన్నాయి. చెడిన డ్రైవర్‌కు అది పనిచేస్తుంది. కానీ లక్షణం ఎంత మోసం చేస్తుందో ఇంటెల్ 13, 14 తరాల డెస్క్‌టాప్ ప్రాసెసర్లు కొన్ని చూపించాయి. ఆటలు ‘వీడియో మెమరీ చాలదు’ అని ఆగిపోతుంటే జనం గ్రాఫిక్స్ కార్డును అనుమానించారు. అవసరానికి మించిన వోల్టేజి ప్రాసెసర్‌నే దెబ్బతీస్తోందని 2024లో ఇంటెల్ ఒప్పుకుంది. తర్వాత ఇచ్చిన మైక్రోకోడ్ అప్‌డేట్ మంచి చిప్‌ను కాపాడుతుంది. అప్పటికే దెబ్బతిన్నదాన్ని బాగుచేయదు. దానికి ఎన్ని ఫార్మాట్లు కొట్టించినా ఫలం లేదు. బాక్సుతో కొన్న ఆ రకాలకు వారంటీని మరో రెండేళ్లు పెంచారు. రిపేరుకని జమ్మలమడుగుకు ఇంకోసారి బస్సెక్కేముందు ఆ బాక్సు మీద నంబరు చూడండి, బీరువాలో బిల్లు వెతకండి.